మగ్గాల మల్లేశం, బురదనీళ్ల డాల్ఫిన్లు

2021 చలికాలంలో, రిటైర్మెంటుకు ఏడాది ముందు, సూరత్ దగ్గరి హజీరా నుంచి తిరిగే ఒక చిన్న విహారనౌకకు నన్ను మాస్టరుగా వేశారు. మాస్టరంటే కెప్టెనే. కరోనా నిబంధనల వల్ల ప్రయాణికులు నలభైమందే. మూతికి మాస్కు, కుర్చీకీ కుర్చీకీ ఆరడుగుల ఎడం. తీరం వెంబడి ఫ్లెమింగోలను, డాల్ఫిన్లను చూపించి సాయంత్రానికి ఒడ్డుకు చేర్చాలి.

డాల్ఫిన్లతోనే చిక్కు. అక్కడి సముద్రం టీ రంగు బురదనీళ్లు. వీపు క్షణం కనబడి మునిగిపోతుంది. నా బైనాక్యులర్స్ మెడకు బరువు తప్ప ఎందుకూ పనికొచ్చేవి కావు.

డెక్కు పనికి మల్లేశాన్ని నెల రోజుల ట్రయల్ మీద తీసుకున్నారు. సిరిసిల్ల మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. సూరత్‌లో ఇరవై ఏళ్లు పవర్‌లూమ్ నడిపి, లాక్‌డౌన్‌లో ఆ పని పోగొట్టుకున్నాడు. నెలాఖరున నేను సంతకం పెడితే ఉద్యోగం, లేకపోతే మళ్లీ రోడ్డు మీదే.

రెండోవారం ఒకరోజు "అగో, డాల్ఫిన్!" అని కేక పెట్టాడు. నలభైమందీ ఎడమవైపుకు పరిగెత్తారు. ఓడ ఒరిగింది, ఒక పెద్దావిడ పడి మోచెయ్యి గీరుకుపోయింది. ఏం కనబడినా ముందు బ్రిడ్జికి, అంటే ఓడ నడిపే గదికి, చెప్పాలన్నది నియమం. చీఫ్ ఆఫీసరు అతన్ని పనిలోంచి దింపేయాలని రాసి కాగితం నా ముందు పెట్టాడు. నాకూ ఒళ్లు మండిపోతోంది.

సంతకానికి ముందు సంజాయిషీ వినాలని రూలు. నేనెప్పుడూ విన్నట్టు నటించేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఒక అనుమానం పీకుతోంది. ఆ నీళ్లలో అదెలా కనబడిందని అడిగాను.

"మగ్గం మీద నడిచే బట్టల ఒక్క పోగు తెగితే కనవడదా సార్? గట్లనే. జర మాఫ్ చెయ్యుండ్రి. మగ్గాల చప్పుడుల నోటి మాట ఎవ్వలికి ఇనవడదు, ఇరవై ఏండ్లు చేతులతోనే చెప్పిన. ఈడ నోరు తెరిస్తె గిట్లయింది."

కాగితం సొరుగులో పెట్టాను. మర్నాటి నుంచి అతన్ని ఓడ ముందుకొన దగ్గర నిలబెట్టి, చేతులతోనే చెప్పమన్నాను.

మూడోరోజు అతని కుడిచెయ్యి లేచింది, తర్వాత అరచెయ్యి కిందికి దిగింది. అంటే కుడివైపు, మెల్లగా. వేగం తగ్గించి ఓడను అటు తిప్పాను. కాసేపటికి ఏడు డాల్ఫిన్లు ఓడకు రెండు పక్కలా తేలాయి. జనం ఎక్కడివాళ్లక్కడే కూర్చుని చూశారు. మల్లేశం మాత్రం వాటిని చూడకుండా నావైపే చూస్తున్నాడు, సైగ అందిందో లేదోనని. ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. అందిందని చెయ్యెత్తాను.

నెలాఖరున అతని ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టాను. సంజాయిషీ వినాలనే రూలు ఊరికే పెట్టలేదని అప్పుడు తెలిసింది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను నిజంగా విన్నది అదొక్కటే. అంతకుముందు దింపేసినవాళ్లు ఏం చెప్పుకున్నారో, ఒక్కరిదీ గుర్తు లేదు.