మార్తమ్మ ఇళ్లకు రాని ఎండాకాలం

మార్తమ్మది పోలండ్ దేశం. అసలు పేరు సిస్టర్ మార్తా. మాకు నోరు తిరిగింది మార్తమ్మ అనే. ఇరవై ఏళ్ల కిందట జూలూరుపాడు అవతల, అడవి అంచున ఉన్న మా తండాకు వచ్చి చిన్న మందుల గది పెట్టింది. దేవుడి సంగతి అడిగితే చెప్పేది, అడగకపోతే బీపీ చూసేది. మేము ఎక్కువగా బీపీయే చూపించుకున్నాం.

పోయిన ఎండాకాలం ఎవరికీ రాకూడదు. శివరాత్రి పోకముందే బోర్లన్నీ ఎండిపోయాయి. ట్యాంకర్ మీదే బతుకు. అది ఎప్పుడొస్తుందో దాని డ్రైవర్‌కే తెలియదు. పొద్దున్నే మార్తమ్మ తన బిందెలు వరుసలో పెట్టి, పక్కన రాయి మీద కూర్చుని జపమాల తిప్పుకునేది. మధ్యలో ఎవరైనా బిందె ముందుకు జరిపితే కళ్లు తెరవకుండానే "ఏయ్, చూస్తున్న" అనేది. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటే అదే స్నానం. తెల్లచీర ఎర్రమట్టి రంగుకు దిగింది. "మీ దేశంల మంచు పడుతదట గదా అమ్మా" అని నేనొకసారి అంటే, "ఆ మాట ఎత్తకు, ఏడుపొస్తది" అంది. నవ్వుతూనే అంది గానీ, మనిషి బాగా అలసిపోయింది.

అయినా మధ్యాహ్నం ఇంటింటికీ తిరగడం మానలేదు. మా దగ్గర గడప తొక్కిన మనిషికి ముందు నీళ్లు, తర్వాతే మాట. ఆ నీళ్లు వద్దంటే ఇంటినే వద్దన్నట్టు. ఆ సంగతి ఆమెకు వచ్చిన కొత్తలోనే తెలిసింది. ఎవరిచ్చినా తాగేది.

ఒకరోజు హేమ్లి ఇంటికి పోయింది. హేమ్లి నాకు అత్త వరస. ఆమె కోడలు శ్రావణికి ఏడో నెల, తొలికాన్పు, బీపీ కాస్త ఎక్కువగా ఉంది. నీళ్లకని లోపలికి పోయిన హేమ్లి ఎంతకీ రాలేదు. చివరికి తలొంచుకుని అరగ్లాసు తెచ్చిచ్చింది. వెనకాల బోర్లించిన బిందెలు మార్తమ్మకు కనబడ్డాయి. అయినా వద్దనలేదు, తాగింది.

తాము తాగకుండా తన కోసం ఇంటింటా నీళ్లు దాచిపెడుతున్నారని ఆమెకు అప్పుడు తట్టింది. వానలు పడేదాకా ఎవరి గడపా తొక్కకూడదనుకుంది. కారణం చెబితే మాకు చిన్నతనం. అందుకే "ఇకనుంచి మీరే నా దగ్గరికి రండి" అని మాత్రం కబురు పెట్టింది.

అందరూ పోయారు, హేమ్లి తప్ప. "నిండు గ్లాసు ఇయ్యలేదని అమ్మకు కోపమొచ్చింది. ఇగ ఏ మొగం పెట్టుకొని పోవాలె?" అని ఇంట్లోనే కూర్చుంది, కోడలినీ పంపలేదు. కోడలు తలనొప్పంటే ఎండదెబ్బ అనుకుంది. కాళ్లు వాస్తే, ట్యాంకర్ కోసం నిలబడి వాచాయనుకుంది. నెలకోసారి వచ్చే సర్కారు నర్సు చూస్తోందిలే అని మార్తమ్మ అనుకుంది. అందరూ అనుకున్నవాళ్లే, అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

శ్రావణికి ఫిట్స్ వచ్చాయని తెలియగానే మార్తమ్మ చెప్పుల్లేకుండా ఉరికొచ్చింది. ఆటో నాదే. దారి పొడవునా పిల్ల తల ఒళ్లో పెట్టుకుని "జల్దీ పో, జల్దీ పో" అంటూనే ఉంది. పెద్ద దవాఖానాలో తల్లిని దక్కించారు. కడుపులో ఆడబిడ్డ అప్పటికే పోయిందన్నారు.

వరండాలో మార్తమ్మా హేమ్లీ గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"ఆ దినం నిండు గ్లాసు ఇస్తే నువ్వు వస్తుంటివి అమ్మా" అంది హేమ్లి. "నా మనుమరాలు బతుకుతుండె. తప్పు నాదే."

మార్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకు కోపం లేదు హేమ్లీ. నేనొస్తే మీ నీళ్లు అయిపోతయని రాలే. మీకు మిగలాలని."

మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అదే ఇది. నాకు ఇద్దరి మీదా కోపమొచ్చింది.

హేమ్లి తిట్టలేదు, చెయ్యి విడిపించుకోలేదు.

"నీళ్లు మిగిలినయ్ అమ్మా" అంది. "ఇగ ఎవరికి లాల పోయాలె?"