ఆయన పేరు ముందు నేను పెట్టిన రెండక్షరాలు

సముద్రానికి ఇంతవరకే రమ్మని హద్దు చెప్పినవాడికి స్తోత్రం. గుండెలో ఉన్నది నాలుక మీదికి రాకముందే ఎరిగినవాడికి స్తోత్రం. నన్ను ఇన్నేళ్ళూ చూస్తూ, పట్టివ్వకుండా, అలాగని వదిలిపెట్టకుండా ఉన్నవాడికి మహిమ కలుగును గాక.

ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా సంఘంలో నేను చాలాసార్లు లేచి సాక్ష్యం చెప్పాను. చుట్ట మానేశానని చెప్పాను. ఇంట్లో కేకలు వెయ్యడం మానేశానని చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. చిన్నవి బయటపెట్టి, వాటి చాటున పెద్దదాన్ని దాచుకోవడం నాకు బాగా అలవాటైంది. మోసుకెళ్ళిన బరువునే మళ్ళీ మోసుకుని ఇంటికి వచ్చేవాణ్ణి.

ఒక మనిషిని బతికుండగానే చంపాను. ఒక మాట తగ్గించి, రెండక్షరాలు కలిపి.

వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో నా స్నేహితుడు నూకరాజుకు చిన్న ప్రెస్సు ఉండేది. ఇప్పటికీ ఉంది. పెళ్ళి కార్డులు, బిల్లు పుస్తకాలు, మా చర్చి కరపత్రాలు అచ్చు వేసేవాళ్ళం. ప్రూఫులు దిద్దడం నా పని. అక్షరాలు కూర్చే మనిషి రానిరోజు అదీ నేనే చేసేవాణ్ణి. నూకరాజు సింహాచలం కొండెక్కేవాడు, నేను చర్చికెళ్ళేవాణ్ణి. ఇద్దరినీ కలిపింది చిన్నప్పుడు చదివిన లంగరు సింహాద్రి పుస్తకాలు.

సింహాద్రి ఓడ సరంగు, ఖలాసీలకు పెద్ద. గొలుసుకు కట్టిన చిన్న లంగరు గిరగిరా తిప్పి విసిరితే దొంగసరుకు పడవ ఎంత దూరంలో ఉన్నా ఆగిపోవాల్సిందే. దెబ్బలాటకు దిగేముందు సింహాచలం అప్పన్నను తలుచుకుని మీసం తడుముకునేవాడు. రాసినాయన పేరు 'జలధి' అని ఉండేది. వెనక అట్ట మీద నల్లటి జుట్టుతో కుర్రవాడి ఫొటో. ఆఖరుగా వచ్చిన పుస్తకంలో శత్రువులు సింహాద్రిని వాడి లంగరుకే కట్టేసి, మునిగిపోతున్న ఓడలో వదిలేశారు. అక్కడితో పుస్తకం అయిపోయింది. మిగతా కథ రానేలేదు. అచ్చువేసే మద్రాసు కంపెనీ మూతపడిందని తర్వాత తెలిసింది. వాడెలా బయటపడ్డాడో నూకరాజూ నేనూ ఏళ్ళ తరబడి వాదించుకున్నాం.

ఎమర్జెన్సీ పోయాక ఒకరోజు నూకరాజు అన్నాడు. "బావ, ఆ సింహాద్రిని మళ్ళీ లేపుదాం. కార్డుల మీద ఏటి బతుకుతాం?"

జలధి అంటే పోర్టులో పనిచేసి, పద్మనాభం వెళ్ళి వ్యవసాయం చేసుకుంటున్న అప్పలస్వామి గారని నాకు ఒక పాత గుమస్తా చెప్పాడు. ఊరి పేరు నూకరాజుకు చెప్పాను. మనిషి పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? అప్పుడే నా లోపల ఏదో మొదలైందా? అనుమతి అడిగి రమ్మని నూకరాజు నన్ను పంపాడు.

బస్సులో కూర్చుని నేనేం ఆలోచించానో దేవుడికి తెలుసు, కాబట్టి మీకూ చెప్తాను. ఆ ఆఖరి కథ నేను రాయాలనుకున్నాను. కరపత్రాలు రాసీ రాసీ విసిగిపోయాను. అవి జనం మడిచి జేబులో పెట్టుకునేవారు. ఒక్కసారి, ఎవరైనా నిలబడి చదివేది రాయాలని ఉండేది. ఆయన బతికుంటే ఆ కథ ఆయనదే.

ఇల్లు కనుక్కున్నాను. ఆయన భార్య పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చింది. "ఇంట్లో నేరు బాబూ. పొలం కెళ్ళారు. ఇప్పుడే వచ్చెత్తారు, కూకో." కూర్చోలేదు. వచ్చిన బస్సే వెనక్కి ఎక్కాను.

ప్రెస్సులోకి అడుగుపెట్టగానే నూకరాజు అడిగాడు. "ఏటి బావ, ఉన్నారా?"

"ఆయన నేరు బావ" అన్నాను.

మా వైపు లేరు అనడానికి నేరు అంటాం. 'ఇంట్లో నేరు' అంటే మనిషి బయటికి వెళ్ళాడని. గొంతు దించి ఉత్త 'నేరు' అంటే ఇక లేడని. నేను 'ఇంట్లో' అన్నది మింగేశాను. గొంతు కూడా దించానా? దించాను. నూకరాజు చేతిలో కాగితం కింద పెట్టి, కళ్ళు తుడుచుకున్నాడు. దిద్దడానికి ఆ క్షణం చాలు. ప్రూఫులో ఒక దీర్ఘం తప్పినా వదలని నేను దాన్ని దిద్దలేదు. నేను అబద్ధం ఆడలేదే, అని ఆ ఆదివారం ఆరాధనలో కూర్చుని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన నిజంగానే ఇంట్లో లేరు కదా. ఎంత శుభ్రమైన మాట!

మొదటి పుస్తకం అట్టకు అక్షరాలు కూర్చేటప్పుడు నూకరాజే గుర్తుచేశాడు. "పేరు ముందర కీ.శే. పెట్టు బావ. పెద్దాయన." కీర్తిశేషులు. ఆ రెండక్షరాలు అరలోంచి నా వేళ్ళతోనే తీసి పెట్టాను. నూకరాజు ఆ పాత ఫొటోను పెద్దది చేయించి, పటం కట్టించి, దండ వేసి గోడకు తగిలించాడు.

పుస్తకాలు బాగా అమ్ముడుపోయాయి. దువ్వాడ స్టేషన్లో ఉక్కు ఫ్యాక్టరీ పనులకు వచ్చేవాళ్ళు రైలు దిగి కొనుక్కునేవారు. పాతవన్నీ అయ్యాక ఆఖరి కథ నేను రాశాను, ఆయన రాసిపెట్టి పోయిందని నూకరాజుకు చెప్పి. అందులో సింహాద్రి అప్పన్నను తలుచుకోడు. నా మాటల్లో, నా పద్ధతిలో ప్రార్థన చేస్తాడు, గాలివాన వచ్చి తాళ్ళు తెగిపోతాయి. ఇది సేవ అనుకున్నాను. కాదు. నా దొంగతనానికి దేవుణ్ణి కాపలా పెట్టాను.

అది అచ్చవుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ముసలాయన ఒకరు గడప పట్టుకుని లోపలికి వచ్చారు. నూకరాజు కాగితం కొనడానికి వెళ్ళాడు. ఆయన పటం దగ్గరికంటా వెళ్ళి, మొహం ఆనించినంత దగ్గరగా చూశారు.

"దండ బాగుంది బాబూ. రోజూ మారుత్తన్నారా?"

ఆయనెవరో నాకు అర్థమైంది.

"మా అల్లుడు దువ్వాడల కొన్నాడు పుస్తకం. సదివి ఇనిపించినాడు. పేరు ముందర ఏదో ఉంది మావా అన్నాడు. నాను సచ్చిపోయి సానా కాలమైందట కదా. ఇంట్ల మా ముసల్దానికి ఎవులూ సెప్పనేదు."

"పొరపాటు జరిగిందండీ" అన్నాను.

"పోనీలే. సింహాద్రిని బతికించినావు, నన్ను సంపినావు. ఆడే బాగా బతకాల." ఆయన బల్ల మీద చెయ్యి వేసి తడుముకుంటూ కూర్చున్నారు. "ఆ రెండచ్చరాలు అలాగే ఉండనీ, నాకేటి? ఒక్కటి సెయ్యి. సివరి కత ఉండిపోనాది. నాకు కళ్ళు కనబడతం నేదు. నాను సెప్తాను, నువ్వు రాయి."

"ఆఖరి కథ అచ్చయిపోతోందండీ."

"ఎవులు రాసినారు?"

నేను బల్ల మీది ప్రూఫులు సర్దాను. ఆయన నా వైపు తల తిప్పారు. "ఆడెలా బయటపడ్డాడు మరి?"

"తాళ్ళు తెగిపోయాయి."

ఆయన నవ్వారు. కోపం లేదు, అదే నన్ను కాల్చింది. "తాళ్ళు తెగిపోనాయా? ఆడు సరంగు బాబూ. ఆడు కట్టిన ముడీ, ఆడికి కట్టిన ముడీ ఆడికి తెల్దేటి? ఇను. ఓడ సగం మునిగినాక ఆడు..."

సందు మొదట్లో నూకరాజు సైకిల్ గంట వినిపించింది. నేను లేచి ఆయన భుజం పట్టుకున్నాను. "తర్వాత రండి తాతా, ఇప్పుడు పనుంది" అన్నాను. ఎత్తినట్టే గడప దాటించాను. ఎముకలే తగిలాయి చేతికి.

"ఎవులు బావ?" అన్నాడు నూకరాజు లోపలికొచ్చి.

"ఎవరో. నాకు తెల్దు" అన్నాను. బైబిల్లో చలిమంట దగ్గర కూర్చుని తన గురువును ఎరగనన్న శిష్యుడి గురించి నేనెన్ని పాఠాలు చెప్పాను చర్చి పిల్లలకు! ఆ శిష్యుడు బయటికెళ్ళి ఏడ్చాడు. నేను టీ తెప్పించాను.

ఆయన మళ్ళీ రాలేదు. నేను వెళ్ళలేదు. వెళ్ళాలని చాలాసార్లు అనుకున్నాను. ఆ వాక్యం తర్వాత ఏముందో అడగాలని. పద్మనాభం ఎంత దూరమని?

తర్వాత కొన్నాళ్ళకు ఒకాయన పెద్దకర్మ కార్డులకు వచ్చాడు. కాగితం నూకరాజు అందుకుని నాకిచ్చాడు. అప్పలస్వామి, పద్మనాభం. ఆ వచ్చినది అల్లుడు. గోడ మీద నల్లజుట్టు కుర్రవాణ్ణి అతను గుర్తుపట్టలేదు. మేం అచ్చువేసిన పుస్తకం తెచ్చి ఆయనకు చదివి వినిపించింది అతనే. ఈ ప్రెస్సేనని తెలిసి వచ్చాడో, తెలియక వచ్చాడో. అడిగే ధైర్యం నాకు లేదు.

"మన జలధిగారి ఊరోడే పాపం" అన్నాడు నూకరాజు నాతో. "కీ.శే. మర్సిపోకు బావ."

మర్చిపోలేదు. అవే అక్షరాలు, అవే వేళ్ళు. ఈసారి నిజం.

అదే నన్ను తినేస్తున్నది. ఇప్పుడు నా అబద్ధాన్ని ఎవరూ పట్టుకోలేరు. ఆయన చనిపోయి దాన్ని నిజం చేశారు. దండ మారుతూనే ఉంది. నూకరాజు నాకంటే ముందు వచ్చి పూలు పెడతాడు. సింహాద్రి ఎలా బయటపడ్డాడో తెలిసిన ఒక్క మనిషీ సగం మాటతో నా చేతుల్లోంచి వెళ్ళిపోయాడు, ఇప్పుడు జనం చదువుతున్నది నా గాలివాన.

క్షమాపణ అడగను. ఇవ్వగలిగినాయన లేరు. ఈసారి 'ఇంట్లో' అన్న మాట మింగి చెప్పడం లేదు, నిజంగానే లేరు. పైవాడు క్షమిస్తాడని ఇతరులకు నేనే చెప్తాను. నాకు నేను చెప్పుకోబోతే నోరు రావడం లేదు. కానీ ఇది రాశాను. రాశాక చెయ్యి కొంచెం తేలికగా ఉంది. అంతే.

మీరెవరైనా సరే, నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. నన్ను విడిపించమని అడగకండి. రేపు నూకరాజు దండ పట్టుకుని బల్ల ఎక్కినప్పుడు, "ఆగు బావ" అనే మాట నా నోట్లోంచి రావాలని అడగండి. ఆమేన్.