తాడు కొసన మా బావ

"బావ ఇగ లేడే..." అని అక్క ఫోన్‌లో అన్నప్పుడు నేను పెద్ద కొడప్‌గల్‌లో బాన్సువాడ బస్సు ఎక్కుతున్నాను. ఆయన్ను చూడడానికే. జ్వరం తగ్గింది, తేరుకుంటున్నాడు అన్నారు. సర్వపిండి చేసుకొని రమ్మని ముందు రోజు తనే అడిగాడు. డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది. కండక్టరు టికెట్ అంటే డబ్బానే చాచాను.

మా బావ నీళ్ళ అడుగున పనిచేసే మనిషి. విశాఖ హార్బర్‌లో ఓడల కిందికి దిగేవాడు. సముద్రం మొహం చూడని మా వాళ్ళకు ఇదొక వింత. పెళ్ళిచూపుల్లో మా నాయన ఉండబట్టలేక, "మునుగుడు గూడ ఒక నౌకరేనా?" అని అడిగాడట. "మునుగుడు అల్కనే మామా, తేలుడే నౌకరి" అన్నాడట బావ. నాయన అక్కడే తాంబూలాలకు ఒప్పుకున్నాడు.

తొంభైలలో నా డిగ్రీ పరీక్షలు అయిపోయిన వేసవి, అక్కకు ఏడో నెల. తోడుంటానని విశాఖ వెళ్ళాను. వారమంతా నీళ్ళలో పనిచేసే మనిషి ఆదివారం కూడా నీళ్ళలోకే పోయేవాడు, తన సరదాకు. హార్బర్ గోడ చాటున ఒక చిన్న ఇసుక తీరం ఉండేది. గోడ అవతల సముద్రం రంకెలు వేస్తుంటే, ఇవతల నీళ్ళు మన చెరువు నీళ్ళలా కుదురుగా ఉండేవి. బావ వీపుకు సిలిండర్ కట్టుకొని, కాళ్ళకు రబ్బరు రెక్కలు తొడుక్కొని, వెనక్కి వెనక్కి నడుస్తూ నీళ్ళలో దిగేవాడు. దిగేముందు కళ్ళకు పెట్టుకునే అద్దం మీద తుపుక్కున ఉమ్మి, తుడిచి, కడిగేవాడు. అలా చేస్తే ఆవిరి పట్టదట. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, బాన్సువాడ వచ్చాక బండి హెల్మెట్ అద్దం మీద కూడా ఉమ్మేవాడు. "థూ! గదేం రోగమయ్యా!" అని అక్క రోజూ మొత్తుకునేది.

ఆయన నడుముకు ఒక తాడు ఉండేది. రెండో కొస ఒడ్డున ఉన్నవాళ్ళ చేతిలో. ఎప్పుడూ అక్కే పట్టుకునేది. ఆ వేసవి అది నా చేతికొచ్చింది. "ఒక్కసారి గుంజితె, నేను మంచిగున్న అని. నువ్వు గూడ ఒక్కసారి గుంజాలె. అంతే పిల్లా, గిదే మన ముచ్చట" అని నేర్పాడు.

రెండో ఆదివారమే నేను ఘనకార్యం చేశాను. అవతల పడవలోంచి మనిషంత చేపను దించుతున్నారు. చూడకుండా ఉండగలనా? మా ఇళ్ళలో తాడు ఉన్నది గుంజకు కట్టడానికే కదా! ఒడ్డున పడవలు కట్టే ఇనుప గుంజ కనిపించింది. బర్రెలు కూడా ఊడదీసుకోలేని మా ఇంటి ముడి వేసి, చేప చూడడానికి పోయాను. బావ కొస భద్రంగానే ఉంది కదా అనుకున్నాను. నిజంగా, తప్పు చేస్తున్నానన్న ఊహ కూడా లేదు.

తిరిగి వచ్చేసరికి బావ నడుం లోతు నీళ్ళలో అటూ ఇటూ పరుగెడుతున్నాడు. "పిల్లా! ఓ పిల్లా!" అని గొంతు చించుకుంటున్నాడు. ఉడకబెట్టిన పల్లీల పొట్లం పట్టుకొని ఇసుకలో నిలబడ్డ నన్ను చూసి, అక్కడికక్కడే కూలబడ్డాడు. తిడతాడనుకున్నాను.

"మూడుసార్లు గుంజిన. తాడు పలుకలే" అన్నాడు. "నాకేమైతదని కాదు పిల్లా. నువ్వు నీళ్ళల్ల పడ్డవేమో అనుకున్న."

అప్పుడు ఏడ్చాను. పల్లీలు ఇసుకలో పోయాయి. "అక్కకు చెప్పకు బావా, సంపుతది" అన్నాను. "చెప్పనులే, లెవ్వు" అన్నాడు.

తరువాతి ఆదివారం నేను రానని మొండికేశాను. ఆయన వినలేదు. తాడు తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. "ఒకసారి తప్పు జేసినోళ్ళే తాడు గట్టిగ పడ్తరు. పట్టు." ఎంత గట్టిగా పట్టానంటే సాయంత్రం ముద్ద కలపడానికి అరచేతులు సహకరించలేదు.

సెలవుల చివర నన్ను కూడా దింపాడు, భుజాల లోతుకే. నేను మనవాళ్ళందరిలాగే ముక్కు మూసుకొని ఊపిరి బిగబట్టాను. పైకి లాగి నవ్వాడు. "ఊపిరి బిగవట్టకు. భయమైతె మెల్లగ ఇడువాలె." నా కాన్పు గదిలో, తరువాత మా నాయన పోయిన రోజున, ఆ మాటే నన్ను ఒడ్డుకు చేర్చింది.

నౌకరి మానేసి బాన్సువాడ వచ్చాక వేసవుల్లో పొలం బావిలో ఆడపిల్లల నడుముకు అదే తాడు కట్టి ఈత నేర్పాడు. "ఆడివిల్లలకెందుకు ఈత?" అన్నవాళ్ళకు, "నీళ్ళకు ఆడ, మొగ ఎర్కనా?" అని జవాబిచ్చేవాడు. ఎందరికి నేర్పినా తాడు కొస మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. దేనికీ కట్టలేదు కూడా. తనే పట్టుకునేవాడు.

పదకొండో రోజు అయ్యాక, ఇల్లు కడుగుతుంటే అటక మీద ఆ తాడు దొరికింది. చెమ్మగా ఉంది, డాబా మీద ఎండేద్దామంది అక్క. ఇన్నేళ్ళూ దాచిన మాట ఇక నాలో ఆగలేదు. గుంజకు కట్టిన సంగతి చెప్పేశాను. అక్క నా మొహం కూడా చూడలేదు.

"ఎర్కనే. గా దినమే చెప్పిండు. 'వచ్చే ఐతారం మల్ల దాని చేతికే ఇస్తా, నువ్వేమనకు' అన్నడు. గప్పటి సంది ఏమనలే."

చెప్పనులే అన్న మనిషి చెప్పాడు! బావ మీద కోపమొచ్చింది. పోట్లాడడానికి మనిషి లేడు.

అక్క ఒక కొస పట్టుకొని మెట్లెక్కింది. రెండోది నా చేతిలో. పిట్టగోడ వెనక ఆమె కనబడడం లేదు. చప్పుడు కూడా లేదు. నా చెయ్యి దానంతటదే ఒక్కసారి గుంజింది. తాడు పలకలేదు. ఊపిరి బిగబట్టాను. ఆయన మాట గుర్తొచ్చి మెల్లగా వదిలాను.

అప్పుడు పైనుంచి ఒక్కసారి, మెత్తగా, తాడు గుంజుకుంది.