మేనత్త గాజులు, నా గోటీ

మొన్న మా మనవరాలి కొడుకు సెల్‌ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టి, గాజు గోళీలు ఎట్లా తయారవుతాయో నాకు నేర్పబోయాడు. ఫ్యాక్టరీలో కరిగిన గాజు ఎర్రగా ధార కట్టడం, కత్తెర దాన్ని టకటకా ముద్దలుగా కోయడం, ఆ ముద్దలు గాడులున్న రెండు ఇనుప రోలర్ల మధ్య దొర్లుతూ పోయి గుండ్రటి గోళీలై రాలడం, అంతా బాగానే ఉంది గానీ, చివర్లో వాడు ఇది మగపిల్లల ఆట, నీకేం తెలుస్తుంది అవ్వా అన్నాడు. ఎనభై దాటినా ఆ మాట నాకు పడదు. వాణ్ణి కూర్చోబెట్టి చెప్పిందే మీకూ చెబుతున్నాను, నా ఈడువాళ్ళకు సగం తెలిసిన కథే.

నిజాం ఏలుబడి చివరి రోజులు. మాది పెన్‌పహాడ్ పక్క ఊరు. రజాకార్ల భయానికి పొద్దుగూకితే మగవాళ్ళు చేలల్లోకి పోయి తలదాచుకునేవాళ్ళు, అయినా తెల్లారితే మా అన్న జట్టుకు గోటీలాట తప్పేది కాదు (గోళీలను మా వైపు గోటీలనే అంటాం). సూర్యాపేట బజారు నుంచి నాన్న తెచ్చినవన్నీ అన్నవే. ఆడపిల్ల ముడితే గురి తప్పుతుందని నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు, నేనేమో ఏడ్చే రకం కాదు, కయ్యానికి దిగే రకం.

ఆ ఏడే, కోదాడ వైపు ఇచ్చిన మా చిన్న మేనత్త, మొగుడు జ్వరంతో పోతే పుట్టింటికి తిరిగివచ్చింది. చేతి గాజులు అక్కడే పగలగొట్టి పంపారు. పెట్టెలో మాత్రం జాతరలో కొనుక్కున్న పచ్చగాజులు డజను, ఇంకా తొడగనివి, మిగిలాయి. ఎవరికైనా ఇచ్చెయ్యమంది నాయనమ్మ, కానీ మొగుడు పోయినదాని గాజులని ఒక్కరూ చెయ్యి చాపలేదు. అయితే బావిలో పడెయ్యమంది. అత్త పడెయ్యలేదు. పెరట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రోకలి తీసుకుంది.

"గవి వాళ్ళు పగలగొడితే సూస్కుంట కూసున్న. గివి నావి, నేనే పగలగొడత," అంది.

ఆ ముక్కలతో నాకు గోటీ చేయిస్తానంది. కొడవళ్ళ పళ్ళు మొద్దుబారాయని, వాటికి కక్కు కొట్టించే నెపంతో, వాడంతా కునికే మిట్టమధ్యాహ్నం, ఇద్దరం కమ్మరి తాత కొలిమికి పోయాం. పిల్లలకు ఒక మాట చెప్పాలి. గాజంటే ఇసుకే, సున్నమూ సోడా కలిపి కరిగించిన ఇసుక. మంచులా ఒక్కసారిగా నీరైపోదు, బెల్లం పాకంలా మెల్లగా సాగుతుంది. మట్టి మూసలో సగం ముక్కలు పోసి, అత్త తిత్తి ఊదితే, తాత ఇనుప పుల్ల కొనకు ఆ పాకం చుట్టుకుని రాతి గుంటలో ఆపకుండా తిప్పాడు. ఆపితే ఒక పక్కకు జారిపోతుంది, ఫ్యాక్టరీ రోలర్లు చేసేదీ ఆ తిప్పడమే. తిప్పి తిప్పి, చేతి అలవాటు కొద్దీ, కొడవలిని ముంచినట్టే తొట్టి నీళ్ళలో ముంచాడు. టప్పుమని ముక్కలైంది. ఇనుము అట్లా గట్టిపడుతుంది గానీ గాజు పడదు, పైపొర చల్లబడి బిగుసుకుంటే లోపల ఇంకా వేడి ఉంటుంది, ఆ రెంటికీ పొత్తు కుదరక పగిలిపోతుంది.

ఇక సగం ముక్కలే మిగిలాయి. తాత తల గోక్కున్నాడు. అత్త మాత్రం, పాలకుండను పిడకల దాలిలో పెట్టినట్టు, ఈసారి కరిగించి తిప్పిన గోటీని వేడి బూడిదలో పూడ్చి తెల్లారిందాక ముట్టొద్దని చెప్పింది. మర్నాడు బూడిద గోకితే, మెల్లగా చల్లారిన గోటీ పగలకుండా దొరికింది. పచ్చగా, ఒక పక్క కాస్త సొట్టగా ఉంది.

అది పట్టుకుని ఆటకు పోతే, ఆ పచ్చరంగు చూసి అత్త గాజులదని గుర్తుపట్టి అన్న ఛీ అన్నాడు. ఆ అపశకునపు గోటీతో ఎవడాడతాడని వాడు అరిచిన అరుపుకు నాయనమ్మ బయటికొచ్చి, పరువు తీశారని, దాన్ని అప్పటికప్పుడు విసిరెయ్యమని నా మీదికి వచ్చింది. నేను పిడికిలి బిగించాను. అంతలో అత్త గడప దాటి నలుగురి ముందుకు వచ్చింది.

"గాజులు ఏసుకోవద్దన్నరు, ఏసుకోలే. గోటీ ఆడొద్దని ఎవ్వరన్నరే అమ్మా?"

నా పిడికిలి విప్పి గోటీ తీసుకుని, కొంగు దోపి, దుమ్ములో గొంతుక్కూర్చుంది. బొటనవేలు నేలకానించి నడివేలు వెనక్కి లాగి వదిలితే, ఆ సొట్ట గోటీ వంకరగా పోయి అన్న గోటీని గీత అవతలికి తన్నింది. నాయనమ్మ లోపలికి పోయింది. ఆ రోజు నుంచి నన్ను ఆటకు రావద్దన్నవాడు లేడు.

చాలా ఏళ్ళకు సూర్యాపేటలో మా ఆయన పోయారు. పదోనాడు గాజుల కోసం వచ్చిన ఆడవాళ్ళ ముందు నేను మళ్ళీ పిడికిళ్ళు బిగించాను. ఇవి నావి, పగలగొట్టాలంటే నేనే పగలగొట్టుకుంట, ఇయ్యాల నాకు బుద్ధి పుడతలేదు అన్నాను. కొందరు మొహం తిప్పుకున్నారు, కొందరు నా చెయ్యి పట్టుకున్నారు. ఇప్పుడు మా వాడలో ఆ తంతే తగ్గిపోయింది.

అంతా విని మనవరాలి కొడుకు, నేను ఇన్నేళ్ళూ దాచుకున్న ఆ గోటీని అటూ ఇటూ తిప్పి, ఇది గుండ్రంగా లేదే అన్నాడు. లేదురా అని, పచ్చగాజుల చేతిని నేలకానించి, ఎదురుగా ఉన్న వాడి చెప్పుకు గురిపెట్టి కొట్టి చూపించాను. తగిలింది. వాడు మళ్ళీ కొట్టమన్నాడు. కొడుతుంటే గాజులు గలగలమన్నాయి, నాకు అత్త గుర్తొచ్చింది. ఆమె చేతులు మాత్రం చివరిదాకా బోసిగానే ఉన్నాయి. అదొక్కటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.