వంటగదికి తలుపు పెట్టిన వారం

ఆ హోటల్లో ఒకసారి చేపల కూర తిన్న మగవాళ్లు ఇంటికెళ్లి భార్య వంటకు వంకలు పెడతారు. అందుకే ఆ ఊళ్లో కొన్ని కాపురాల్లో పెద్దక్క పేరెత్తితే ఇప్పటికీ చిటపటలే. పెద్దక్క ఆ హోటల్లో వంట చేస్తుంది. యజమాని ఆవిడకు స్వయానా తమ్ముడు. ఆవిడ ఊరందరికీ కూడా అక్కే. ఆవిడకన్నా వయసులో పెద్దవాళ్లు సైతం సిగ్గూ ఎగ్గూ లేకుండా అక్కా అనే పిలుస్తారు, ఇంకో గరిటె కూర పడుతుందేమోనని ఆశ!

మొదట్లో హోటలంటే ఏముంది గనక! పడవలు ఆగేచోట నాలుగు కర్రలు పాతి, పైన టార్పాలిన్ కప్పి, అక్క చేపలు వేయిస్తుంటే తమ్ముడు పళ్లాలు కడిగేవాడు. టార్పాలిన్ పోయి రేకులొచ్చాయి, రేకులు పోయి పెంకులొచ్చాయి. నీళ్ల మీదికి చెక్కలతో పెద్ద అరుగు వేయించారు. గోడల నిండా ఊరివాళ్లు గీసిన బొమ్మలు తగిలించారు. అందులో కొంగలన్నీ పడవలకు రంగులేసే ఆయనవి. ఒక కొంగకు మూడు కాళ్లున్నాయని ఎవరో వేలెత్తి చూపితే, మూడోది నీడ అని పెద్దక్క వాదించి మరీ గెలిచింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక హాలు ఖాళీగా ఉంటుంది. ఆ వేళ ఊరి పాటల బృందం అక్కడే సాధన చేసుకునేది. బృందాన్ని నడిపించేది ఊరి టైలరు. మెడలో టేపు తీయడం మరిచిపోయి, అలాగే చేతులూపుతూ పాడించేవాడు. వాయిద్యాలు కొనే స్తోమత లేదు గనక గొంతులే వాళ్ల ఆస్తి. వెనక వరసలో పెద్దక్క భర్త నిలబడేవాడు. పడవ నడిపే మనిషి, గొంతుకేం లోటు లేదు గానీ శ్రుతి దారి శ్రుతిది, ఆయన దారి ఆయనది.

హాలుకూ వంటగదికీ మధ్య అప్పట్లో అడ్డేమీ లేదు. వాళ్లు పాడుతుంటే పెద్దక్క సాయంత్రానికి కావలసిన ఉల్లిపాయలు తరిగేది. పాట వింటూ, అప్పుడప్పుడూ తలెత్తి నీళ్ల వైపు చూస్తూ, మొగుడు శ్రుతి తప్పినప్పుడల్లా ముసిముసిగా నవ్వుకుంటూ, కత్తిని చెక్క మీద టకటకలాడించేది. రోజు మొత్తంలో ఆవిడకు ప్రాణం లేచివచ్చే పూట అది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. కడుపులో మాట పైకి చెప్పుకునే అలవాటు ఆవిడకు మొదట్నుంచీ లేదు.

అలాంటిది, ఒక వారం సాధన ఆపించి తమ్ముడు అడ్డంగా గోడ కట్టించాడు. గోడకు బరువైన తలుపు పెట్టించాడు. కూరగాయలు తరిగే మిషన్ కూడా తెచ్చాడు.

"ఎలా ఉందక్కా?" అన్నాడు మురిసిపోతూ.

"బాగుందిరా" అంది పెద్దక్క. లోపల మాత్రం ఒళ్లు మండిపోయింది. హోటల్ పెద్దదయ్యేసరికి అక్క నామోషీ అయిపోయింది కాబోలు, జనం కంటపడకుండా దాచేస్తున్నాడు అనుకుంది. ఇక పాటా లేదు, నీళ్లూ లేవు. మిగిలిన రోజులన్నీ ఈ నాలుగు గోడల మధ్యేనా అని దిగులు పట్టుకుంది.

భర్త కనిపెట్టాడు. "ఏంటే, మొహం అలా పెట్టావ్?"

"నా మొహమే అంత."

"పెళ్లినాడు ఇలా లేదే!"

"పెళ్లినాడు నువ్వు సరిగ్గా చూస్తేగా!"

గోడ తడి ఆరేలోపే బృందం ఆ హాల్లో జనం ముందు పాడాల్సిన సాయంత్రం వచ్చింది. అరుగు నిండా జనం. వంటగది తలుపు మూసి ఉంది. లోపల మిషన్ తన పని ఎప్పుడో ముగించింది. టైలరు చేతులెత్తాడు, తెడ్లు వేసేవాళ్ల పాట అందుకున్నారు. రెండో చరణానికల్లా ముందు వరస పరుగందుకుంది, వెనక వరస చతికిలపడింది, పెద్దక్క భర్త ఎటూ కాకుండా మధ్యలో ఇరుక్కుపోయాడు. ఆపి మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అదే గొడవ. జనంలో దగ్గులు మొదలయ్యాయి. తలుపుకు చెవి ఆనించి వింటున్న పెద్దక్కకు, నిజం చెప్పాలంటే, మొదట కాస్త సంబరంగానే ఉంది. తర్వాత పాపం అనిపించింది.

అంతలో టైలరు తలుపు తోసుకుని లోపలికొచ్చి పడ్డాడు. చెమటలు కారిపోతున్నాయి.

"అక్కా, నీకు దండం పెడతా, ఏదో ఒకటి తరుగు!"

"ఏం తరగను? అన్నీ తరిగేశాంగా. నీకేమైనా మతిపోయిందా?"

"పోయింది! ఇన్నాళ్లూ వీళ్లు నా చెయ్యి చూసి పాడుతున్నారనుకున్నా. నా చెయ్యేమో నీ కత్తి చప్పుడు వెంట నడుస్తోంది. ఆ చప్పుడు లేకపోతే మాకు పాట సాగట్లేదు. ఎంత పప్పులో కాలేశామో ఇప్పుడు తెలిసింది."

పెద్దక్క చుట్టూ చూసింది. తరగడానికి ఒక్క ఉల్లిపాయ కూడా మిగల్లేదు. చెక్క చంకన పెట్టుకుని, కత్తి పట్టుకుని, కూర మరకల చీరతోనే బయటికి నడిచింది. బృందం ముందు బల్ల మీద ఖాళీ చెక్క పెట్టి, కత్తి తిరగేసి కొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు రెండు వరసలూ కలిశాయి. చివరి చరణానికి జనం కూడా బల్లల మీద చేతులతో అందుకున్నారు. ఆవిడ మొగుడు ఆ సంతోషంలో శ్రుతిని పూర్తిగా గాలికొదిలేశాడు.

పాట అయ్యాక తమ్ముడు దగ్గరికొచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"తలుపు ఇష్టం లేదని ఒక్క మాట చెప్పొచ్చుగా అక్కా."

"కట్టేముందు నువ్వడిగావా? నేనెవరికీ కనబడకూడదనేగా కట్టించావ్!"

"ఛ! అదేం మాట?" అన్నాడు తమ్ముడు. "చిన్నప్పుడు మనింట్లో ఉన్న ఒక్క గదీ నాకిచ్చారు. నువ్వు పొయ్యి పక్కన పడుకునేదానివి. నీకంటూ తలుపున్న గది ఒక్కటైనా ఉండాలని…"

పెద్దక్కకు కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ అది వీడి మనసులో ఉందా! కొంగుతో మొహం తుడుచుకుని తమ్ముడి వీపు మీద ఒకటి వేసింది.

"పిచ్చి సన్నాసీ!"

"రేపే తలుపు ఊడదీయిస్తానక్కా."

"ముట్టుకున్నావంటే చూడు! అది నా గది" అంది పెద్దక్క. "తలుపు తీసుంచుతానో మూస్తానో నా ఇష్టం. ఇప్పటికైతే తీసే ఉంచుతా."