వ్యాసంలో పెద్దమ్మకు చోటు

ఎనభైల మొదట్లో, ఎమ్మే రెండో ఏట, మా సారు నన్ను కొత్తవాడ జంపఖానాల నేత మీద పరిశోధన వ్యాసం రాయమన్నారు. "ముందు ప్లాన్ వేసుకొని రామ్మా, రాత తర్వాత" అన్నారు. చరిత్ర, నూలు, రంగులు, నేత, అమ్మకం అని ఐదు అధ్యాయాలు వేసుకున్నాను. ఆ కాగితం చూసుకుంటే సగం రాసేసినంత సంబరం.

కొత్తవాడలో నేను వెళ్లిన ఇంట్లో పెద్దాయన మగ్గం నేసేవాడు. ఆయన భార్య పక్కనే రాట్నం తిప్పుతూ నూలును కండెలకు చుట్టేది. ఆమెను పెద్దమ్మా అనేదాన్ని. పెంకుల సందుల్లోంచి దిగే ఎండలో నూలు దుమ్ము మెల్లగా తేలుతుండేది. మగ్గం చప్పుడు వింటూ వింటూ రాయడం మరిచిపోయేదాన్ని. నీళ్ల అడుగున కూర్చున్నట్టుండేది. అయినా ప్రశ్నలన్నీ పెద్దాయననే అడిగాను.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం పెద్దమ్మ రాట్నం ఆపింది.

"గిన్ని దినాల సంది ఏం రాస్తానవ్ బిడ్డా? జర సదువు."

చదివాను. చివరిదాకా విన్నది.

"మంచిగున్నది. గని, గిండ్ల నేనేడున్న?"

"నువ్వు నెయ్యవు కదా పెద్దమ్మా."

"నేను కండెలు సుట్టకపోతే ఈయనేం నేస్తడు?" అని నవ్వింది.

మగ్గం మీది నుంచి పెద్దాయన కూడా, "నిజమే బిడ్డా, ఆమె చెయ్యి ఆగితే నా మగ్గం ఆగుతది" అన్నాడు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా డాబా మీద కూర్చుని నోట్సంతా చీటీలుగా కత్తిరించాను. గాలికి ఎగరకుండా గులకరాళ్లు పెట్టి, అటూ ఇటూ జరుపుతూ పోయాను. ఆకాశం ఎర్రబడి, ఊదారంగుకు తిరిగింది. చివరికి మూడు అధ్యాయాలే మిగిలాయి. మొదటిది కండెలు చుట్టే ఆడవాళ్లది.

సారు కొత్త ప్లాన్ చూసి, "అంశం మారిపోయింది కదమ్మా!" అన్నారు.

"మారలేదు సార్, చిన్నదైంది."

ఆయన మళ్లీ మొదటి నుంచి చదివారు. "సరే, ఆ కండెలు చుట్టే ఆమె ఇంటి నుంచే మొదలుపెట్టు" అన్నారు.

ఎండాకాలంలో టైపు చేయించిన ప్రతి పట్టుకుని కొత్తవాడ వెళ్లి, చదివి వినిపించసాగాను. పెద్దమ్మ కళ్లు సగం మూసుకుని, చుడుతూనే వింటోంది. మొదటి పేజీలోనే నన్ను ఆపింది.

"తెల్లారినంక కాదు బిడ్డా, తెల్లారకముందే కూసుంట."

అక్కడికక్కడే పెన్నుతో దిద్దాను. ఆ దిద్దుబాటుతోనే సారుకిచ్చాను.