ఎవరి నుంచి ఎవరికి

అంటురోగాల వార్డులో అందరూ ఆమెను నవ్వులక్క అనేవారు. ఊపిరాడని రోగిని లేపి కూర్చోబెట్టడం, వీపు తట్టి కఫం ఉమ్మించడం, మూతి తుడవడం ఆమె పని. రోగి దగ్గితే ముందు పడేది ఆమె ముఖం మీదే. అయినా గట్టి మాస్కులన్నీ గొట్టాలు వేసే డాక్టర్లకు, నర్సులకు. ఆయాకి పల్చటి గుడ్డముక్క. తడిసేవాళ్లకు రుమాలు, చూసేవాళ్లకు గొడుగు అన్నమాట.

భర్త దర్జీ. ఏళ్ల తరబడి నూలుదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆ భయంతోనే ఒకరోజు హెడ్ నర్సును అడిగింది.

“సిస్టర్, నాకూ ఆ గట్టి మాస్కు ఒకటిప్పించండి. మా ఆయనకి ఊపిరితిత్తులు బాగోవు.”

“గొట్టం వేసేది నువ్వా? వీపు తట్టడానికి అదెందుకు?”

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టనివాళ్లను ఏం చేయాలో ఆ సామెత చెప్పిన మహానుభావుడు చెప్పలేదు.

రోజూ పని దిగాక ఒళ్లు రుద్దుకుని స్నానం చేసేది. ఇంట్లో వేరే గదిలో పడుకునేది. గొంతులో కాస్త గరగర, అంతకుమించి ఆమెకేమీ కాలేదు. జ్వరం ఆయనకొచ్చింది. పెదాలు నీలంగా మారేసరికి ఆటోలో వేసుకుని తన వార్డుకే పరుగెత్తింది. పరీక్ష చేస్తే ఇద్దరికీ ఆ వార్డు రోగమే.

హెడ్ నర్సు ఆమెను మందుల గదిలోకి పిలిచి తలుపు వేసింది.

“ముందు జ్వరం ఎవరికొచ్చింది?”

“ఆయనకే. కానీ రోగం ఇంటికి తీసుకెళ్లింది నేనేగా సిస్టర్, ఇక్కణ్ణించే.”

“ఇక్కణ్ణించే అన్నావంటే పైవాళ్లు వార్డు మూసేస్తారు. అప్పుడు మీ ఆయన్ని ఎక్కడ పడుకోబెడతావు? ఆయన నుంచే నీకొచ్చిందని చెప్పు. మంచం నేనిప్పిస్తాను.”

ఎంత తెలివో చూడండి. అటు ఆయన ఎగశ్వాస తలుపు ఇవతలికి కూడా వినిపిస్తోంది. నవ్వులక్క తలూపింది. ఆ చోట ఏ భార్య ఊపదు?

మంచం దొరికింది. ఆక్సిజన్ పెట్టారు. పెద్ద డాక్టరు రాగానే హెడ్ నర్సు ఆ మంచం పక్కనే నిలబడి, భర్త వల్ల తమ ఆయాకి సోకిందని చెప్పింది. మంచం మీదున్న భర్త విన్నాడు. డాక్టరు వెళ్లాక ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి భార్య చెయ్యి పట్టుకున్నాడు.

“నా వల్లే నీకంటుకుందటగా. ఒక్క తిట్టు తిట్టవే.”

హెడ్ నర్సు ఇంకా పక్క మంచం దగ్గరే ఉంది. నవ్వులక్క ఆయన మాస్కు మళ్లీ సర్దింది.

“పోనీలెండి. కావాలని చేశారా ఏంటి?”

ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సాయంత్రానికి, తప్పు తనదేననుకుంటూ పోయాడు.